‘కాలయంత్రము’ – తెలుగు పాఠకుని రసాస్వాదము

హెచ్. జి. వెల్స్ 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ వైజ్ఞానిక కల్పనా సాహిత్యమునకు మార్గదర్శకమైన నవలగా పరిగణింపబడుచున్నది. తెలుగు పాఠకుడు దీని నే దృష్టితో చదివిన రసానుభూతి సమగ్రమగునో విచారింపవలసియున్నది.

ఈ కథ చదివినంతనే మనకు భాగవత నవమస్కంధములోని కకుద్మి వృత్తాంతము స్ఫురించుట సహజము. కుమార్తె యగు రేవతికి వరుని గూర్చి యడుగ బ్రహ్మలోకమున కేగిన ఆ రాజు క్షణకాలము వేచియుండునంతలో భూమిపై ఇరువదియేడు చతుర్యుగములు గడచినవి. కాని సామ్య మంతటితో సరి. కకుద్మికి కాలరహస్యమును బ్రహ్మ తెలిపెను. వెల్స్ కథానాయకునకు తెలుపువాడు లేడు. క్రీ. శ. 802701వ సంవత్సరమున సుకుమారులగు ఈలాయ్ జనులను చూచి, అది సమష్టి సుఖజీవనమని అతడు మొదట ఊహించును. భూగర్భమున యంత్రముల నడుమ బ్రతుకు మోర్లాకులను కాంచిన పిదప, ధనిక శ్రామిక భేదమే రెండు జాతులుగా పరిణమించెనని తలచును. తుదకు శ్రామికసంతతి ప్రభుసంతతిని పశువులవలె పోషించి భక్షించుచున్నదని గ్రహించును. ఊహించుట, సాక్ష్యము లభింపగా ఆ యూహను సవరించుకొనుట అను నీ క్రమమే ఇందలి అద్భుతమునకు ప్రాణము.

సింగీతం శ్రీనివాసరావు చలనచిత్రము ‘ఆదిత్య 369’ (1991) ఈ నవలా ప్రేరణతో వెలువడినదే. అందలి యంత్రము రాయల విజయనగరమునకును, భవిష్యత్తునకును గొనిపోవును. వెల్స్ వర్ణించిన యాత్ర భవిష్యత్తునకే. ఏలూరి చెంతనున్న పెదవేగి దిబ్బలను చూచువాడు శాలంకాయనుల రాజధానిని తలచి నిట్టూర్చును. అవి గతించినవారి శిథిలములు. వెల్స్ చూపునవి మన శిథిలములు. పాడుపడిన వస్తుప్రదర్శనశాలలో గ్రంథములు జీర్ణించి పీలికలై యుండగా, కథానాయకునకు కాంతిశాస్త్రముపై తాను వ్రాసిన పదునేడు వ్యాసములు జ్ఞప్తికి వచ్చును. పరిశోధకుడగు పాఠకుని ఈ ఘట్టము కలవరపెట్టక మానదు.

కొల్లేటి ప్రాంతమువారికి ఇందలి మరియొక అంశము సుబోధము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఆ సరస్సు 2002లో రాంసర్ ప్రదేశముగా గుర్తింపబడినది. దాని నాక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో తొలగించిరి. స్థిరమని తోచిన నీటిహద్దు తమ జీవితకాలముననే మారుట చూచినవారికి, మూడుకోట్ల యేండ్ల కావల వెల్స్ చిత్రించిన నిర్జన సముద్రతీరము కేవల కల్పనగా తోపదు.

అయినను, నవల ఈ భీతితో ముగియదు. నీట మునుగుచున్న వీనాను తోడివారు పట్టించుకొనరైరి, రక్షించినవాడు కథానాయకుడు. ఆమె కృతజ్ఞతతో అతని జేబులో నుంచిన రెండు తెల్లని పువ్వులే తుదకు సాక్ష్యముగా నిలిచినవి. యంత్రము కథానాయకునితోడనే అదృశ్యమైనది; పువ్వులు వాడినవైనను మిగిలినవి. కావున ఈ నవలకు కరుణము అంగి, అద్భుతము అంగమని చెప్పుట యుక్తము.