తెలుగు ఫాంటులకు కృత్రిమమగు లావు, వాలు: ఒక విమర్శ

అచ్చులో ముఖ్యమైన మాటను వేఱుపఱచి చూపుటకు రెండు మార్గములు వాడుకలోనున్నవి. అక్షరమును లావుచేయు బోల్డు మొదటిది. ప్రక్కకు వాల్చు ఇటాలిక్ రెండవది. ఫాంటునకు సామాన్యరూప మొక్కటియే యున్నచో, తక్కిన రూపములను స్క్రిప్టుచేత పుట్టింపవచ్చునని కొందఱి మతము. ఇది తెలుగున కెంతవఱకు చెల్లునో విచారింతము.

ఈ యవసరము కల్పితము గాదు. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, ఎన్.టి.ఆర్. మున్నగునవి ఒక్క రూపముతోనే యున్నవి. స్వేచ్ఛానుమతితో వచ్చినందున వానిని ఎవరైనను మార్పవచ్చును. ఫాంట్‌ఫోర్జ్ అను ఉచితసాధనమున పైథాన్ భాషలో వ్రాసిన కొలది పంక్తుల స్క్రిప్టు, వందలకొలది రూపములను ఒక్కమాఱుగా లావుచేయును, వాల్చును. శ్రమ తగ్గుట నిజము. ఫలిత మెట్టిదో చూడవలెను.

మొదట లావు. స్క్రిప్టు అన్ని రేఖలకును సమానముగా దళసరి చేర్చును. తెలుగు అక్షరముల లోపలి ఖాళీలు మిక్కిలి యిఱుకు. 'థ' లోపలి చుక్క, 'ధ' క్రింది చిన్నగీత, 'ఘ', 'ఝ'ల మెలికలు పూడిపోవును. గుడిదీర్ఘపు కొన పూడినచో 'కి', 'కీ' అను భేదమే నశించును.

మా పావగడ తాలూకాలో ఈ దోషము మఱింత బాధకము. ఇచ్చటి పిల్లలు బడిలో తెలుగును, వీధిలో కన్నడమును చదువుదురు. పెక్కు అక్షరములలో ఈ రెండు లిపులకును భేదము తలకట్టుననే యున్నది. దాని కోణము ముద్దయైనచో బాలుడు తడుముకొనును. ఒక ప్రశ్నపత్రమున లావుచేసిన 'ధనము' అను మాటను మా తరగతివారు 'దనము' అని చదివిరి. తప్పు పిల్లలది కాదు.

ఇక వాలు. అక్షరములు నిలుచు గీతకు పైభాగము కుడికి, క్రిందిభాగము ఎడమకు జరుగును. 12 డిగ్రీల వాలున, 100 పాళ్ళ లోతుననున్న బిందువు సుమారు 21 పాళ్ళు ఎడమకు పోవును. రోమనులిపిలో గీతక్రిందికి దిగు అక్షరములు కొలదివి. తెలుగున ఒత్తులు సాధారణముగా క్రిందనే యుండును. కావున 'రాష్ట్రము' వంటి మాటలలో జంటయొత్తులు ముందరి యక్షరముక్రిందికి చొచ్చును. రూపములను వాల్చి, ఒత్తులు తగులు బిందువులను అట్లే విడిచినచో అవి మఱియు చెదరును.

అసలు ఇటాలిక్ అనునది 1500 ప్రాంతమున వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయమునకై ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన అచ్చు. అది ఆనాటి చేవ్రాత ననుసరించినది. నిలువక్షరమును వంచినది గాదు. తెలుగు ముద్రణలో అట్టి జంటసంప్రదాయము పాదుకొనలేదు. ఆవశ్యకమైనచోట ఉద్ధరణచిహ్నములు చాలును.

స్క్రిప్టును పరిహరింపుమనుట నా యాశయము గాదు. సన్ననిరూపమును, లావురూపమును శిల్పి స్వయముగా గీసినచో నడిమి దళసరులను గణితముచేత పొందవచ్చును. 100 నుండి 900 వఱకు దళసరులుగల నోటో సాన్స్ తెలుగు ఈ మార్గమునకు నిదర్శనము. స్క్రిప్టుచేత పుట్టిన ప్రతిరూపమును చిన్న అక్షరములలో అచ్చువేసి, 'ధ', 'థ', 'కి', 'కీ'లను ఒక బాలునిచేత చదివింపవలెను. అతడు తడబడక చదివిన పిదపనే దానిని పుస్తకములకు గ్రహించుట యుక్తము.