ఒక టెస్ట్, 5 పరుగులు

2022 ఆగస్టులో అమెరికాలో ఒక అట్టముక్క దాదాపు వంద కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. 1952లో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డు అది. దాని మీద బొమ్మ మికీ మాంటిల్‌ది. న్యూయార్క్ యాంకీస్ తరఫున 536 హోమ్ రన్లు కొట్టినవాడు. ఆ ఏడాది అమ్ముడుపోక మిగిలిన కార్డుల పెట్టెలు గోదాము నిండా పేరుకుపోతే, 1960లో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ కార్డులు తయారుచేసిన సై బెర్గరే తర్వాత చెప్పుకున్నాడు. మునిగినవి మునగ్గా మిగిలినవాటికి ఈ రేటు.

మాకూ గమ్ కార్డులుండేవి. బల్కంపేట వైపు సందుల్లో పెరిగిన మా బ్యాచ్‌కి బిగ్ ఫన్ బబుల్‌గమ్ అంటే గమ్ కాదు, లోపలుండే కార్డు. ఒకవైపు క్రికెటర్ బొమ్మ, రెండోవైపు ఇన్ని పరుగులనో, ఒక వికెట్టనో రాసి ఉండేది. అవి కూడబెట్టి కొట్లో ఇస్తే ఫ్లిప్ బుక్ ఇచ్చేవాళ్ళు. బొటనవేలితో పేజీలు జారవిడిస్తే అందులో బ్యాట్స్‌మన్ షాట్ కొట్టేవాడు. కార్డు దాచుకున్నవాడు అమాయకుడు, ఇచ్చేసినవాడు తెలివైనవాడు. అందుకే ఇవాళ అవి దొరకడం కష్టం. అమెరికావాళ్ళ కార్డుల్ని సముద్రం మింగితే మనవాటిని ఫ్లిప్ బుక్ మింగింది.

తర్వాత ట్రంప్ కార్డులొచ్చాయి. పేక పంచినట్టు పంచుకుని, పైకార్డు చూసి "సెంచరీలు!" అని అరిస్తే, ఎవరి అంకె పెద్దదైతే ఎదుటివాడి కార్డు వాడిది. క్రికెట్ గురించి మా తరానికి తెలిసిన చాలా సంగతులు ఆ కార్డుల మీది అంకెల గడుల్లోంచే వచ్చాయి, చాలా దురభిప్రాయాలు కూడా. పెద్ద అంకె ఉన్నవాడే పెద్ద ఆటగాడు. ఆ లెక్కన సి.కె. నాయుడు కార్డు పడితే ఆట పోయినట్టే. 7 టెస్టులు, 350 పరుగులు. ఇండియా మొదటి టెస్టుకి 1932లో కెప్టెన్‌గా లార్డ్స్ మైదానంలో దిగేటప్పటికి ఆయనకు 36 ఏళ్ళనీ, అరవై దాటాక కూడా రంజీ ఆడాడనీ చెప్పే గడి ఆ కార్డుల్లో ఎక్కడుంటుంది?

పంజాగుట్టలో నాకొక స్టాంపుల మిత్రుడున్నాడు. నాయుడి మీద 1996లో తపాలా శాఖ స్టాంపు వేసింది, అది అతని దగ్గరుంది. నా కార్డుల పెట్టె చూసి నవ్వుతాడు. స్టాంపులకు కేటలాగు ఉంటుంది, తేదీ ఉంటుంది, సర్కారు ముద్ర ఉంటుంది, నీ వాటికేముంది అంటాడు. నిజమే, ట్రంప్ కార్డుల మీద చాలాసార్లు అచ్చయిన సంవత్సరం ఉండదు. వెనకున్న అంకెల్ని బట్టి మనమే కట్టుకోవాలి. నాకు అందులోనే సరదా. అజహరుద్దీన్ కార్డు మీద టెస్టులు 99 అని ఉంటే అది 2000 మార్చి తర్వాతది, ముందుది కావడానికి వీల్లేదు. ఈడెన్ గార్డెన్స్‌లో మొదటి టెస్టు, 110. బెంగళూరులో ఆఖరి టెస్టు, 102. ఆ డిసెంబరులోనే బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. అప్పటికి ఆయన వయసు 49. వందో టెస్టు రాలేదు. కార్డు మీద మాత్రం 99 ఏ వివరణా లేకుండా నిలబడి ఉంటుంది. లక్ష్మణ్‌ది ఇంకో రకం. 134 టెస్టులు ఆడినవాడు ఒక్క వన్డే వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు కాబట్టి, వరల్డ్ కప్ జట్ల సెట్లలో ఆయన కోసం వెతకడం దండగ.

దాచడం గురించి ఒక మాట. మైత్రీవనం చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకి పాత కార్డు తీసుకెళ్ళినా "లామినేషన్ చేసిస్తా సార్, వందేళ్ళుంటది" అంటారు. సర్టిఫికెట్లకి అలవాటైన చేతులు మరి. వేడికి కార్డు రంగు మారుతుంది, ఆ ప్లాస్టిక్కు మళ్ళీ ఊడదు, ఊడదీస్తే బొమ్మ దాంతోపాటే వస్తుంది. విజిటింగ్ కార్డుల ఆల్బమ్ కూడా నమ్మదగింది కాదు. మెత్తటి పీవీసీ జేబులు కొన్నేళ్ళకు జిగురెక్కి సిరాని పట్టుకుంటాయి. గట్టి పాలీప్రొపిలిన్ కవర్లో పెట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి, బీరువాలో గోడ తగలని అరలో ఉంచితే చాలు. బొమ్మ ముట్టుకోకుండా అంచులు పట్టుకోవడం ఇంట్లో పిల్లలకు ఒకసారి చూపిస్తే వచ్చేస్తుంది. పెద్దవాళ్ళకే రాదు.

ఇంత చేసినా నాకు కావలసిన కార్డులు మాత్రం అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కనబడలేదు. 1971లో వాడేకర్ నాయకత్వంలో వెస్టిండీస్ వెళ్ళి, అక్కడ మొదటిసారి సిరీస్ గెలిచొచ్చిన జట్టులో హైదరాబాదీలు ఐదుగురు: జయసింహ, అబిద్ అలీ, పోచయ్య కృష్ణమూర్తి, కెనియా జయంతిలాల్, దేవరాజ్ గోవింద్‌రాజ్. కింగ్‌స్టన్ మొదటి టెస్టులో నలుగురు ఆడారు. ఓపెనింగ్‌కి దిగినవాళ్ళిద్దరూ మనవాళ్ళే, అబిద్ అలీ, జయంతిలాల్. జయంతిలాల్ 5 పరుగులు చేసి షిల్లింగ్‌ఫర్డ్ బౌలింగ్‌లో సోబర్స్‌కి క్యాచ్ ఇచ్చాడు. సర్దేశాయ్ 212 కొట్టి జట్టుని నిలబెట్టాడు, వెస్టిండీస్ ఫాలోఆన్ ఆడింది, జయంతిలాల్‌కి రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటు పట్టే అవసరం రాలేదు. రెండో టెస్టుకి వేలు నయమై గవాస్కర్ వచ్చాడు. నాలుగు టెస్టుల్లో 774 పరుగులు. జయంతిలాల్‌కి మళ్ళీ టెస్టు దక్కలేదు.

ఇక్కడొక చమత్కారం ఉంది. సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ కార్డులు పెట్టే సంప్రదాయం పొగాకు కంపెనీలదే. పల్చటి కాగితం పొట్లంలో సిగరెట్లు నలగకుండా పెట్టిన అట్టమీద బొమ్మ అచ్చేయడంతో మొదలైంది. మన అజామాబాద్‌లో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ ఏకంగా ఒక జట్టునే దింపింది. 1966-67 మొయినుద్దౌలా గోల్డ్ కప్‌లో వజీర్ సుల్తాన్ కోల్ట్స్ ఎలెవన్ తరఫునే ఒక బొంబాయి కుర్రవాడు మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. పేరు సునీల్ గవాస్కర్. హైదరాబాద్ కంపెనీ జట్టులో గడప దాటినవాడే హైదరాబాద్ ఓపెనర్ చోటు పట్టుకుపోయాడు.

మిగిలినవాళ్ళు? కృష్ణమూర్తి ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ కీపింగ్ చేశాడు, ఇంగ్లండ్ వెళ్ళేసరికి గ్లవ్స్ మళ్ళీ ఫరూఖ్ ఇంజనీర్ చేతికి. ఆయనవి మొత్తం ఆ 5 టెస్టులే. జయసింహ అప్పటికి ముప్పై రెండేళ్ళవాడు. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఐదు రోజులూ బ్యాటింగ్ చేసినవాడు, 1968లో టూరు మధ్యలో పిలిపిస్తే బ్రిస్బేన్‌లో దిగి 74, 101 కొట్టినవాడు. వెస్టిండీస్ టూరుతోనే 39 టెస్టుల కెరీర్ ముగిసింది. అబిద్ అలీ ఒక్కడే ముందుకెళ్ళాడు. అదే ఏడాది ఆగస్టులో ఓవల్‌లో లఖర్స్ట్ బంతిని ఫోరు కొట్టి ఇంగ్లండ్‌లో మొదటి సిరీస్ గెలుపు పూర్తిచేసింది ఆయనే. 2025 మార్చిలో కాలిఫోర్నియాలో పోయారు.

ట్రంప్ ఆటలో ఈ ఐదు కార్డులూ ఒకడి చేతిలో పడితే పాపం వాడు. నాకు మాత్రం మాంటిల్ కన్నా ఇవే కావాలి. దొరకనప్పుడు వేయించుకోవడమే అనుకుని, అమీర్‌పేటలో విజిటింగ్ కార్డులు వేసే షాపుకెళ్ళాను. రెండున్నర అంగుళాలు బై మూడున్నర, 300 జీఎస్ఎం, మ్యాట్ ఫినిష్, గుండ్రటి మూలలు వద్దు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు నలుపూతెలుపు ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి గొంతు తగ్గించాడు.

"సంవత్సరీకానికా సార్?"

కాదు, క్రికెటర్లు అన్నాను. "ఐదుగురూ మనోళ్ళేనా?" అని జయసింహ ఫొటో పెద్దది చేసుకుని, లేపిన కాలరు చూసి "హీరో లెక్క ఉన్నడు సార్" అన్నాడు. హైదరాబాద్‌కి ఆయన కెప్టెన్సీలో పటౌడీ ఆడాడని చెప్తే నమ్మినట్టు లేడు.

వెనకవైపు గడులు పెడుతుంటే గోవింద్‌రాజ్ దగ్గర ఆగాం. ఫాస్ట్ బౌలర్. స్పిన్నర్లతోనే గెలుస్తున్న జట్టులో కొత్త బంతి మెరుపు పోగొట్టడానికి అబిద్ అలీ, సోల్కర్ చాలు. అందుకని 1971లో వెస్టిండీస్ టూరు, ఇంగ్లండ్ టూరు రెండింటికీ వెళ్ళి ఒక్క టెస్టు కూడా ఆడకుండా వచ్చాడు.

"టెస్టుల గడి ఖాళీగ వదిలితే ప్రింటింగ్ తప్పనుకుంటరు సార్. సున్నా కొట్టాల్నా?"

సున్నా అంటే ఆడి డకౌట్ అయినట్టుంటుంది. గీత పెడదామంటే ఆ ఫాంటులో మైనస్‌లా వస్తోంది. చివరికి ఆ గడిలో "వెస్టిండీస్, ఇంగ్లండ్ – 1971" అని కొట్టించాను. మిగతా నాలుగింటికన్నా అక్షరాలు చిన్నవయ్యాయి, అయినా పట్టాయి. ఒక్కో కార్డుకి వంద కాపీలకు తక్కువైతే వేయనన్నాడు. ఇప్పుడు నా దగ్గర జయంతిలాల్‌లు తొంభైకి పైగా అదనంగా ఉన్నారు. మార్పిడికి ఎవరైనా బిగ్ ఫన్ కార్డు ఇస్తే ఇద్దరినిస్తాను.