సర్వే వాడ దాకా పోయిందా?

ఎన్నికల సర్వే తప్పినప్పుడల్లా పత్రికలు 'ఓటరు నాడి దొరకలేదు' అని రాస్తాయి. నాడి పట్టినోళ్లు ఎవరు, ఎవరి చెయ్యి పట్టిన్రు అని మాత్రం అడగవు.

2018 డిసెంబర్ 7న పోలింగు ముగిసిన సాయంత్రం లగడపాటి రాజగోపాల్ తన సర్వే చెప్పిండు. ప్రజాకూటమికి 65, టిఆర్ఎస్‌కు 35, అటు ఇటు పది. 11న చూస్తే టిఆర్ఎస్‌కు 88, కాంగ్రెస్, టిడిపిలకు కలిపి 21. ఉమ్మడి పాలమూరులో మా జడ్చర్లతో సహా 14 సీట్లకు 13 టిఆర్ఎస్‌వే. అదే సాయంత్రం యాక్సిస్ మై ఇండియా ఎగ్జిట్ పోల్ టిఆర్ఎస్‌కు 79-91 అని దగ్గరగానే చెప్పింది. కాబట్టి సర్వేలన్నీ బూటకమని నేననను.

లగడపాటి లెక్క ఎక్కడ తప్పిందో బయటి నుంచి తేల్చలేం. సర్వే ఫారం ఎట్ల నిండుతదో మాత్రం నాకెరుకే. పీజీ చదివేటప్పుడు ఒక ఎన్నికల ముందు రోజుకూలికి ఆ పని చేసిన. బస్సు దిగిన కాడ హోటలు, పక్కన కిరాణం. సగం ఫారాలు ఆడనే నిండేవి. మాదిగవాడకు పోతే ఇండ్లకు తాళాలు. పనికి పోయే వయసోళ్లు హైదరాబాద్‌ల, ముంబైల బిల్డింగు పనుల మీద ఉంటరు, ఓటు నాటికి వస్తరు. వాళ్లకు ఓటుంది, ఫారం లేదు. ఇంటి కాడున్న ఒక ముసలమ్మను అడిగితే నా వెంట వచ్చిన ఊరి పెద్దమనిషి దిక్కు చూసి, "అందరొస్తున్రు బిడ్డా, అందరికీ ఏస్తం" అన్నది. నేనూ వాడ పిలగాన్నే. అయినా ఆ జవాబు నాకు కాదు, ఆయనకు. 'చెప్పలేం' గడిల టిక్కు పెట్టిన. తర్వాత ఆఫీసుల ఆ 'చెప్పలేం'లన్నిటినీ తేలిన ఓట్ల పాళ్లల్లనే పార్టీలకు పంచిన్రు. భయపడి నోరు మూసుకున్నోళ్లు, ధైర్యంగా చెప్పినోళ్ల లెక్కనే ఓటేస్తరని దానర్థం!

ఎక్కువ మందిని అడిగితే ఈ తప్పు పోదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకొని రూజ్వెల్ట్ ఓడుతాడని చెప్పింది. ఉత్తరాలు పోయింది ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నోళ్లకు. రూజ్వెల్టే గెలిచిండు.

ఇంకో గడి 'ఇతరులు'. 2008 జడ్చర్ల ఉపఎన్నికలో పోలేపల్లి సెజ్ కింద భూములు పోయినోళ్లు తామే నామినేషన్లు వేసిన్రు. మాదిగ, లంబాడీ, బీసీ చిన్న రైతుల కోపం అది. సర్వే పట్టికలో పార్టీల కింద చివరి వరుసల పడే ఓట్లవి.

2024లో ఎగ్జిట్ పోళ్లు ఎన్‌డిఎకు 350 దాటిస్తే, వచ్చినవి 293. రాజ్యాంగం మారుస్తరన్న దిగులు వాడల్లో నడుస్తుండె; అది కొత్త మనిషికి చెప్పుకునే ముచ్చట కాదు. లోక్‌నీతి-సిఎస్‌డిఎస్ వాళ్లు డమ్మీ బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయమంటరు, అంతవరకు నయం. నేను నింపిన ఫారంల వయసు, కులం, చదువు అన్నిటికీ గడులున్నయి. జవాబు చెప్పేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డరో రాయడానికి గడి లేదు.