నీటి మీద రాత్రి వేట

గుడ్లగూబ అనగానే చప్పుడు లేకుండా ఎగిరివచ్చి ఎలుకను తన్నుకుపోయే పక్షి మనసులో మెదలడం సహజమే గాని, ఏటి ఒడ్డున చేపలనూ పీతలనూ కప్పలనూ పట్టి బతికే చేపల గుడ్లగూబ విషయంలో ఆ ఊహ పొసగదు. 1788లో గ్మెలిన్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు సింహళం పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టిన ఈ పక్షి తుర్కియే నుంచి దక్షిణ చైనా దాకా అక్కడక్కడ విస్తరించి ఉంది. నాగావళి, వంశధార నదులూ, వాటిలో కలిసే గెడ్డలూ, అంటే కొండల మీంచి దిగే వాగులూ, గట్ల మీద పాత చెట్లున్న చెరువులూ గల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దాని జీవనానికి తగిన సీమ.

చాలా గుడ్లగూబల రెక్కల ఈకల అంచున దువ్వెన పళ్లవంటి కుచ్చు ఉండి, గాలిని చీల్చి చప్పుడును అణచివేస్తుంది. ఎలుక చెవిని దాటిపోవాలంటే అది తప్పనిసరి. నీటి అడుగున ఉన్న చేపకు పైనున్న రెక్కల చప్పుడు అందేది చాలా తక్కువ గనుక, చేపల గుడ్లగూబకు ఆ కుచ్చు లేదు, అది ఎగిరితే చప్పుడు వినబడుతుంది. శబ్దాన్ని ఒడిసిపట్టి చెవులకు చేర్చే ముఖవలయం కూడా దీనికి అంతగా ఎదగలేదు. వేటంతా ఆ పసుపుపచ్చని పెద్ద కళ్ల మీదా, కాళ్ల మీదా నడుస్తుంది. తక్కిన గుడ్లగూబల కాళ్లను కప్పే ఈకలు దీనికి లేకపోవడం వల్ల తడిసి బరువెక్కే బాధ ఉండదు, పాదాల అడుగున ముళ్లవంటి గరుకు పొలుసులు ఉండడం వల్ల జారే చేప పట్టు తప్పదు.

వేట పద్ధతిలో ఆర్భాటమేమీ లేదు. నీటి మధ్య బండ మీదనో, ఏటి మీదికి వంగిన కొమ్మ మీదనో కూర్చుని, పైపొరలో మెదిలే చేపను కాళ్లతో ఎత్తుకుపోతుంది; పీతల కోసమైతే లోతులేని నీటిలో నడుస్తూ వెతుకుతుంది. వెలుగు నీటిలో వంగడం వల్ల నాలుగడుగుల లోతున ఉన్న చేప నిట్టనిలువుగా పైనుంచి చూసేవారికి మూడడుగుల లోతునే ఉన్నట్టు కనిపిస్తుంది; పైపొరకే గురిపెడితే ఆ తేడా స్వల్పం. అదృష్టం కన్నా ఓపికకే ఎక్కువ చోటున్న ఈ విద్యకు లోతులేని తేట నీరూ, దాపున పాత చెట్టూ రెండూ కావాలి. ఎలుకలనూ పాములనూ పిట్టలనూ కూడా తింటుంది గాని, నీటికి దూరంగా మాత్రం మసలదు.

నవంబరు నుంచి మార్చి వరకు, అంటే వానలు వెనుకబట్టి ఏళ్లు తేటపడే రోజుల్లో, చెట్టు తొర్రలోనో బండల సందునో పెద్ద పక్షులు వదిలేసిన గూటిలోనో సాధారణంగా ఒకటి రెండు గుడ్లు పెడుతుంది. దీని దగ్గరి బంధువు, ప్రపంచంలోకెల్లా పెద్ద గుడ్లగూబ అయిన బ్లాకిస్టన్ చేపల గుడ్లగూబను జపాన్‌లోని హొక్కైడో దీవి ఐనూ ప్రజలు ఊరిని కాచే దేవతగా కొలిచారు. మన వైపు గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని భయపడడం ఇంకా పోలేదు. కీడు నిజానికి ఎటునుంచి ఎటు పోతున్నదో ఏటి ఒడ్డున చూస్తే తెలుస్తుంది. ఇసుక తవ్విన చోట లోతులేని నీరు గోతులుగా మారుతుంది, గట్టు మీద తొర్ర పడిన చెట్టు వంటచెరకు కింద లెక్కకు వస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబల వేటను నిషేధించింది గాని, ఆ తొర్ర చెట్టును కాపాడే పని గ్రామస్థులదే. చెరువు గట్టు మీది ముసలి మద్దినీ మర్రినీ, కనీసం గూడు కాలం గడిచేదాకానైనా, గొడ్డలికి ఎర చేయకుండా ఉంచాలి.