ముద్ద తగ్గినా కండ తగ్గకూడదు

సన్నబడటం అనంతపురానికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి పడే వాన. ఈ మెట్టనేల తరాల తరబడి మనుషుల్నీ గొడ్లనీ అడక్కుండానే సన్నబరిచింది. ఇప్పుడు అదే నేల మీద, గుంతకల్లు నుంచి హిందూపురం దాకా, తెల్లారగానే బూట్లు వేసుకుని బయల్దేరేవాళ్ళ బాధ పొట్ట. ఎవర్ని పలకరించినా "బరువు తగ్గాల" అంటారు. ఏం తగ్గాలని అడిగితే నవ్వేస్తారు. బరువంటే కొవ్వూ ఉంది, కండా ఉంది, నీళ్ళూ ఉన్నాయి. పస్తులుంటే మూడూ పోతాయి. కొవ్వునొక్కదాన్నే సాగనంపి కండనూ బలాన్నీ నిలుపుకోవడంలోనే ఉంది అసలు పనితనం. దానికి కావలసిన సరంజామా మన గరిడీల్లోనూ మన వంటింట్లోనూ ఎప్పటినుంచో ఉంది.

ముందు ధాత కరువు సంగతి చెప్పుకోవాలి. ఆ కరువు వచ్చిన 1876-78 నాటికి అనంతపురం జిల్లా లేదు. ఈ ప్రాంతం బళ్ళారిలో ఉండేది, 1882లో విడదీశారు. ఆ కరువులో బాగా నలిగిన చోట్లలో బళ్ళారి ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికి వచ్చిన మగకూలికి రోజుకు 450 గ్రాముల గింజలు, పైన ఒక అణా చాలునని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఒప్పుకోలేదు. ఎండలో ఒళ్ళొంచి పనిచేసే మనిషికి గింజలు పెంచాలి, పప్పూ కూరా కలపాలి, లేకపోతే ఒళ్ళు నిలవదని పోట్లాడాడు. ఆ ఏడాది మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగివచ్చి 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు ఇవ్వసాగింది. లెక్కవేసి చూస్తే, అదనంగా ఇచ్చిన 120 గ్రాముల గింజల్లో ఎంత ప్రొటీన్ ఉంటుందో ఆ పిడికెడు పప్పులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. కొవ్వు తగ్గించుకునేవాడికి పనికొచ్చే కిటుకంతా ఈ లెక్కలోనే ఉంది. తిండి తగ్గినా ప్రొటీన్ తగ్గకూడదు.

తిండి చాలనప్పుడు ఒళ్ళు దాచుకున్న కొవ్వును తీస్తుంది. ప్రొటీన్ అందక, కండకు పనీ లేకపోతే కండనూ కరిగించి వాడుకుంటుంది. బరువెత్తే పని రోజూ తగులుతుంటే, పప్పో గుడ్డో కడుపులో పడుతుంటే కండ జోలికి అంతగా పోదు. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్థూలకాయులైన కుర్రాళ్ళకు నాలుగు వారాలపాటు కేలరీలు 40 శాతం తగ్గించి, గట్టిగా కసరత్తు చేయించారు. కిలో బరువుకు 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్ళలో సుమారు 4.8 కిలోల కొవ్వు పోగా, 1.2 కిలోల కండ పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్ళలో 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ ఉన్నది ఉన్నట్టే ఉంది. అంత కోత మనకు అక్కర్లేదు గానీ, దారి మాత్రం అదే.

ఇక సంగటి. రాగిసంగటి తింటే సన్నబడతారని ఈమధ్య పట్నాల్లో ఒక నమ్మకం బయల్దేరింది. నేను సంగటి పక్షమే, అయినా ఈ మాట ఒప్పుకోను. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలు, ఏడు గ్రాముల చిల్లర ప్రొటీన్. బియ్యానికీ దీనికీ ఆ విషయంలో పెద్ద తేడా లేదు. రాగిలో పీచూ కాల్షియమూ ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, తొందరగా ఆకలి కాదు. అంతవరకు మేలు. కండను కాపాడేది ముద్ద కాదు, ముద్ద పక్కనున్నది. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. కందులు, అలసందలు, పెసలు, అనపగింజలు ఇంచుమించు అదే వరస. వాన ముఖం చాటేసిన ఏడు కూడా ఈ నేల మీద నిలబడే పంట ఉలవ. గుగ్గిళ్ళు ఉడికించి, వార్చిన కట్టుతో చారు కాచి, గింజల్ని తాలింపు వేసుకునే ఇంట్లో ఒక్క ఉలవతోనే రెండు పూటలు గడుస్తాయి. కట్టు మాత్రమే పోసుకుని గింజల్ని గొడ్లకు పెట్టే అలవాటుంటే కండ గొడ్లకే పడుతుంది.

శెనక్కాయల దగ్గర మాత్రం చేయి బిగించాలి. ప్రొటీన్ ఉన్నమాట నిజమే గానీ, వంద గ్రాములకు 520 కేలరీలు, అందులో 40 గ్రాములు నూనె. శెనక్కాయలతో నూరే ఊరుబిండి రుచి మరిగినవాడికి సంగటి ఎంత దిగిందో తెలియదు. సంగటికి రెండు చెంచాల ఊరుబిండి, గిన్నెడు ఉలవచారు. ఈ పాళ్ళు తిరగబడితే పొట్ట తగ్గదు. డెబ్బై కిలోల మనిషికి రోజుకు 85 నుంచి 110 గ్రాముల ప్రొటీన్ పడాలంటే పప్పూ గుగ్గిళ్ళే చాలవు. గుడ్లు, పెరుగు, తినేవాళ్ళకు కోడో చేపో తోడుండాలి.

సంగటి వండటమే ఒక కసరత్తు. నూకలు ఉడికి గంజి కుతకుతలాడుతుంటే రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నసెగ మీద మగ్గనివ్వాలి. దించి, గిన్నె కదలకుండా అదిమిపట్టి, ఉండ కట్టకుండా తెడ్డుతో గట్టిగా కెలకాలి. ఆలస్యమైతే బిగుసుకుపోతుంది. దానికి ముందు రోకలి పోటు, విసుర్రాయి తిప్పుడు ఉండేవి. పిండిమర వచ్చి ఆ శ్రమ తప్పించింది. మంచిదే. దానితోపాటు పోయిన భుజబలానికి మాత్రం ఎవరూ బదులు చెప్పలేదు.

మగవాళ్ళకు గరిడీ ఉండేది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆపైన ఒక మల్లుడితో కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడట. బరువు, వేగం, కుస్తీ, అన్నీ ఒక్క పూటలోనే. నూనె తాగడం మాత్రం మనం వదిలేయాలి. ఆయనకు ఆ తర్వాత స్వారీ ఉంది, మనకు ఆఫీసు కుర్చీ ఉంది.

గరిడీలో మొదట దండీలు, బస్కీలు. దండీలో చేతులు నేలకానించి, నడుము పైకెత్తి, రొమ్మును రెండు చేతుల నడుమగా కిందికి జార్చి ముందుకు లేపాలి. భుజాలు, రొమ్ము, వెన్ను ఒకేసారి పనిచేస్తాయి. బస్కీలో గొంతుక్కూర్చుని లేవడం, తొడలకు పని. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వంద దాటాక రెండొందలు, ఆపైన మూడొందలు అంటూ లెక్క పెంచుతారు. లెక్క పెంచితే దమ్ము పెరుగుతుంది, బలం అంతగా పెరగదు. బలానికి బరువు పెరగాలి. అందుకే గుండు. రాయలసీమ పల్లెల్లో పండగపూట పోటీగా ఎత్తే నున్నటి రాతిగుండుకు పట్టు దొరకదు. కాళ్ళు ఎడంగా పెట్టి, గుండును రెండు చేతులా కావలించి, ముందు మోకాళ్ళ మీదికి, అక్కణ్ణించి రొమ్ముకు ఆనించి, నడుము నిటారుగా తెచ్చి, తర్వాతే భుజం మీదికి. చిన్నది లొంగాక పెద్దదానికి పోవాలి. జిమ్ములో ఇనుపచక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కించడంలోనూ సూత్రం ఇదే. గుండు దొరక్కపోతే ఇసుక నింపిన గోతం చాలు. వారానికి మూడు రోజులు చేసినా సరిపోతుంది.

తొందర పనికిరాదు. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకానే తగ్గాలి. ఎనభై కిలోల మనిషి 400 నుంచి 800 గ్రాములు. రోజుకు 500 కేలరీల కోతతో ఇంచుమించు ఇది జరుగుతుంది. అంటే మూడు ముద్దలు తినేవాడు రెండు తిని, ఉలవచారు మాత్రం తగ్గించకుండా, రాత్రి తినే చిరుతిళ్ళు మానేయాలి. తూకం యంత్రం ఒక్కదాన్నే నమ్మకండి. మొలతాడు వదులవుతూ, పోయిన నెల ఎత్తిన గుండు ఈ నెలా లేస్తుంటే పోతున్నది కొవ్వే. మొలతాడు వదులైనా గుండు లేవనంటోందంటే కండ పోతోంది, తిండి మరీ తగ్గించేశారన్నమాట.

మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, చక్కెరజబ్బుకు మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ప్రొటీన్ పెంచొద్దు, తిండి కోయొద్దు. మిగతావాళ్ళు ఆ ఇసుక గోతాన్ని మగవాళ్ళకే వదిలేయకండి. నలభై దాటిన ఆడవాళ్ళకు కండ అవసరం ఇంకా ఎక్కువ. పిండిమర వచ్చాక వాళ్ళ చేతులకు బరువెత్తే పని తప్పింది, పళ్ళెంలో గుడ్డూ పప్పూ చివరికి మిగిలితేనే అందుతున్నాయి. ముందు ఆ వడ్డన వరస మార్చండి.