గంటకో రుచి: కుందూ గట్టు ఈతకల్లు

స్పెయిన్‌లో రియోహా అనే సీమ ఉంది. టెంప్రనియో ద్రాక్షతో చేసిన అక్కడి ఎర్ర వైన్‌ను ముందు ఓక్ పీపాల్లో, తర్వాత సీసాల్లో పోసి మాగబెడతారు. రెండేళ్ళు మాగితే క్రియాంసా, మూడేళ్ళకు రెసెర్వా, ఐదేళ్ళకు గ్రాన్ రెసెర్వా. పక్కన కాల్చిన గొర్రెపిల్ల మాంసం ఉండాల్సిందే. ఏ వైన్‌కు ఏ వంట అన్నది వాళ్ళకొక శాస్త్రం. మా నంద్యాల జిల్లా కోయిలకుంట్ల పక్క కూడా ఆ శాస్త్రం ఉంది. వాళ్ళు ఏళ్ళు లెక్కపెడతారు, మేము గంటలు లెక్కపెడతాం.

చలికాలం, పొద్దు పొడవకముందే దించిన ఈతకల్లు తేనెలాంటిది. దానికి జత ఉడకబెట్టిన శనగ గుగ్గిళ్ళు. మా నల్లరేగడిలో పండిన శనగ, మీద ఉప్పు, పచ్చిమిరప, అంతే. పొద్దెక్కేకొద్దీ నురగ లేస్తుంది, తీపి వెనక పులుపు తొంగిచూస్తుంది. అప్పుడు జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిమిండి. మధ్యాహ్నానికి పులుపు గట్టిపడుతుంది. బోటి కూర, తలకాయ మాంసం, కుందూ నది చేపల వేపుడు ఆ పులుపు కోసమే పుట్టాయేమో! నాలుక మీది కొవ్వును అది కడిగేస్తుంది, ముద్ద ముద్దకూ నోరు కొత్తదవుతుంది. సాయంత్రమయ్యిందా, ఇక దాని ఆయుస్సు తీరినట్టే.

ఈ గంటల వెనక ఉన్నది కల్లు గీసే ఈడిగ చేయి. ఈతచెట్టు మొవ్వు కింద ఒక పక్క మట్టలు తీసి, లేత కాండాన్ని చెక్కి, కొన్నాళ్ళు ఆరనిస్తాడు. ఆ తర్వాత కాగితమంత పొర గీస్తాడు. చుక్కలు జారి కుండలో పడతాయి. కుండ గోడకు అంటుకున్న నిన్నటి పులుపే ఇవాళ్టి కల్లును పులియబెడుతుంది. కత్తి లోతుగా దిగితే చెట్టు చస్తుంది, పైపైన పోతే చుక్క రాదు. ఈ ఏడు ఒక పక్క గీస్తే వచ్చే ఏడు ఎదుటి పక్క. అందుకే ముదురు ఈతచెట్టు మాను వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కబెడితే ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది. నేనెరిగిన ఒక పెద్దాయన మసకచీకట్లో, ముళ్ళ మధ్య, మోకు మీద నిలబడి, చేతి వేళ్ళతో తడిమి గీత గీసేవాడు. ఆయన గీసిన చెట్టు ఒక్కటి కూడా ఎండిపోగా నేను చూడలేదు. ఏ పీపాల నేర్పరి దీనికి సాటి వస్తాడు?

తాటికల్లు గొప్పదనేవాళ్ళు ఉంటారు, ఉండనీండి. ఈతకల్లు సున్నితం దానికి లేదు.

ఈ కల్లుగీత వృత్తికి ఒక ప్రభుత్వాన్నే కదిపిన చరిత్ర ఉంది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 నవంబరులో, మద్యనిషేధం తగవు మీదే ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న నిలబడ్డారు.

అంత బరువున్న కల్లుకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. నీళ్ళలో శాకరిన్ కలిపి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్ వేసి, దాన్ని కల్లని అమ్ముతున్నారు. అలవాటు పడినవాడు ఉన్నట్టుండి మానితే చేతులు వణికి, మూర్ఛలొచ్చి ఆసుపత్రి పాలవుతాడు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. చెట్టు ఎక్కనివాడు, కత్తి పట్టనివాడు చేసిన పాపానికి చెడ్డపేరు మాత్రం ఈడిగకు!

మరోపక్క వాగుల వెంట ఈతవనాలు నరికి చేలల్లో కలుపుకుంటున్నాం. చెట్టు తగ్గినచోటే ఆ మత్తుపొడి కల్లు పెరుగుతుంది. నంద్యాల జిల్లా పెద్దలకు నా మొర ఒక్కటే: కుందూ గట్ల మీద, కేసీ కాలువ వెంట ఈతచెట్లు నాటించండి, గీసేవాడికి వాటి మీద హక్కు ఇవ్వండి. వైన్ పీపాలో ఏళ్ళు ఆగుతుంది. కల్లు ఆగదు, రోజూ ఒకడు తెల్లవారకముందే చెట్టెక్కాలి. అతని కొడుక్కు ఆ కత్తి అందాలి.