ఎండాకాలంలో సెల్ లైన్

మామూలు మనిషి కణాన్ని ఒంటి బయట పెంచితే కొన్ని పదులసార్లు చీలి ఆగిపోతుంది. సీసాలో బతకడం అలవాటైన క్యాన్సర్ కణానికి ఆ హద్దు లేదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా ల్యాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి, ఆమెకు మాటైనా చెప్పకుండా తీసిన ముక్కే హీలా సెల్ లైన్ అయింది, అంటే సీసాలో తరతరాలుగా పెరిగే కణాల వంశం. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. కణాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

జమ్మలమడుగు పల్లెల్లో ఎనుములకు వేసే గాలికుంటు టీకా వెనుక ఉన్నదీ కణాలను ఒంటి బయట పెంచే ఈ విద్యే. ఆ వైరస్‌ను హామ్‌స్టర్ పిల్ల మూత్రపిండం నుంచి వచ్చిన బీహెచ్‌కే-21 కణాల్లో పెంచుతారు.

కణాలను సాకడంలో సగం పని కంటిదే. ఫ్లాస్కులోని ఎర్రటి ద్రవం పసుపు తిరిగితే ఆమ్లం పెరిగిందని, మసకబారితే బ్యాక్టీరియా చేరిందని అర్థం. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా మాత్రం మామూలు మైక్రోస్కోపుకు చిక్కదు, దానికి వేరే పరీక్ష చేయాల్సిందే. అడుగున అతుక్కున్న కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో విడదీస్తుంది. ఎక్కువసేపు ఉంచితే కణమే దెబ్బతింటుంది.

ఇంక్యుబేటర్ 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నిలపాలి. మామూలు రకం పెట్టెకు వేడెక్కించడమే వచ్చు, చల్లార్చడం రాదు. ఎండలు 40 దాటే కడప జిల్లాలో అందుకే ముందు గదిని చల్లబరచాలి. ఏసీ, జనరేటర్ ఇక్కడ సోకు కాదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో గీటురాయి చూడనిదే పాత నగకు ధర కట్టరు. ల్యాబుల్లో మాత్రం సీసా మీది చీటీని నమ్మడం చాలాకాలం నడిచింది. 1966లో స్టాన్లీ గార్ట్లర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి, వేర్వేరనుకున్న ఎన్నో లైన్లలో నిజానికి ఉన్నది హీలాయే కావచ్చని చూపించాడు. ఇప్పుడు ఎస్టీఆర్ అనే డీఎన్ఏ పరీక్షతో గుర్తింపు తేలుస్తారు. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం లాంటి చోటి నుంచి కణాలు తెప్పించుకున్నా, నడుమ నడుమ ఈ పరీక్ష చేయించుకోవడం మేలు.

కడప అడవుల్లో పెరిగే ఎర్రచందనం చేవ సారాన్నీ హీలా కణాలపై పరీక్షించారు. ఇలాంటి ప్రయోగంలో కణాలు చస్తే చాలు, మందు దొరికిందని వార్త రాసేస్తారు. అదే మోతాదు మామూలు కణాలనూ చంపుతుందా, సారాన్ని కరిగించిన డీఎంఎస్‌వోనే చంపిందా అన్నది ముందు తేలాలి. ఆ తర్వాత జంతువులపై, అక్కడా నెగ్గితే మనుషులపై పరీక్షలు జరగాలి.